ఈ-బైక్ బ్యాటరీ వైరు ఎక్కడ ఊడాలి, ఎక్కడ ఊడకూడదు?

మామూలు సైకిల్‌కి హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) కిట్ బిగించుకునేవాళ్లు, బ్యాటరీని రోజూ ఊడదీసి మూడో అంతస్తుకు మోసుకెళ్లి చార్జింగ్ పెట్టుకునేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువయ్యారు. మోటార్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అని అందరూ అడుగుతారు. ఆ రెండింటినీ కలిపే ప్లాస్టిక్ ముక్క, అంటే కనెక్టర్ గురించి మాత్రం, అది కరిగి గోధుమ రంగులోకి మారినప్పుడే ఆలోచిస్తారు. అప్పుడు కొత్తది కొనబోతే షాపులో ఒకరు ఆండర్సన్ వేయమంటారు, ఇంకొకరు ఎక్స్‌టీ90 తప్ప ఏదీ పనికిరాదంటారు, మరొకరు మాగ్నెట్‌ది చూపిస్తారు. లాగితే ఊడిపోవడం మంచిదా చెడ్డదా అన్న దగ్గరే వాళ్లకు పొత్తు కుదరదు. నిజానికి రెండు వాదాలూ సరైనవే. అయితే అవి వైరు మీద వేర్వేరు చోట్ల గురించి చెబుతున్న మాటలు.

బ్రేక్‌అవే కనెక్టర్ అంటే, ఒక హద్దు దాటి లాగినప్పుడు ఏ లాకూ నొక్కకుండా, ఏదీ విరక్కుండా, రెండు సగాలుగా విడిపోయేది. మళ్లీ కలిపితే ఎప్పటిలా పనిచేయాలి. జపాన్‌లో వేడినీళ్ల ఎలక్ట్రిక్ పాత్రలకు అయస్కాంతంతో అతుక్కునే కరెంటు తీగ ఇలాంటిదే. పిల్లల కాలికి తీగ తగిలితే పాత్ర మీద పడకుండా తీగే ఊడొస్తుంది. ఆపిల్ 2006లో ల్యాప్‌టాప్‌లకు తెచ్చిన మాగ్‌సేఫ్ కూడా ఈ పద్ధతే. ఈ-బైక్‌లో తేడా ఏమిటంటే, ఇక్కడ వైరు కదిలే బండి మీద ఉంటుంది, అందులో పారే కరెంటు చాలా ఎక్కువ.

లాగినప్పుడు ముందుగా ఏది తెగుతుంది?

వైరును గట్టిగా లాగితే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. కనెక్టర్ విడిపోకపోతే, దాని వెనక సోల్డరింగ్ ఊడుతుంది, లేదా బ్యాటరీ పెట్టెలోంచి తీగే పీక్కొస్తుంది.

బ్యాటరీని వీపు బ్యాగులో పెట్టుకుని, అక్కడి నుంచి వైరును సైకిల్‌కి ఇచ్చేవాళ్లు ఉన్నారు. మనిషి పడితే మనిషి ఒకవైపు, సైకిల్ ఒకవైపు. మధ్యలో వైరు. కనెక్టర్ ఊడితే పోయేది ఏమీ లేదు. ఊడకపోతే రెండు ప్రమాదాలున్నాయి. మనిషిని సైకిల్ తనతోపాటు ఈడ్చుకుపోవచ్చు. లేదా బ్యాటరీ వైపు ఎర్ర తీగ, నల్ల తీగ బయటపడి ఒకదానికొకటి తగలొచ్చు. అప్పుడు ఎంత కరెంటు పారుతుందో లెక్క కడదాం. 48 వోల్టుల బ్యాటరీ నిండా చార్జ్ అయితే 54.6 వోల్టులు. బ్యాటరీ లోపలి నిరోధం, తీగల నిరోధం కలిపి 0.1 ఓం అనుకుంటే 54.6ని 0.1తో భాగించాలి. 546 ఆంపియర్లు. బ్యాటరీకి కాపలా కాసే బీఎంఎస్ బోర్డు ఆ క్షణంలో కరెంటు ఆపేయాలి. మంచి బోర్డయితే ఆపుతుంది. చవక బోర్డును నమ్మి వీపుకు కట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి బ్రేక్‌అవే వెనకున్న అసలు సూత్రం, లాగుడుకు ముందుగా లొంగే చోటును మనమే నిర్ణయించి పెట్టడం. అది సోల్డరింగ్ దగ్గర కాకుండా కనెక్టర్ దగ్గరే ఉండాలి. ఇందుకు కనెక్టర్‌ను మార్చినంత మాత్రాన చాలదు. దానికి రెండు వైపులా, కొద్ది దూరంలో, వైరును ఫ్రేముకో పట్టీకో గట్టిగా కట్టాలి. అప్పుడే లాగుడు పిన్నుల మీద పడుతుంది, సోల్డరింగ్ మీద పడదు.

దిశ కూడా ముఖ్యమే. పిన్ను గొట్టంలో దూరే కనెక్టర్లన్నీ నిటారుగా లాగితేనే సులువుగా విడిపోతాయి. పక్కకు లాగితే బిగుసుకుంటాయి. ఫ్రేము వైపు సగం కిందికి చూస్తూ, బ్యాగు వైపు వైరు పైకి పోతుంటే, పడ్డప్పుడు లాగుడు వంకరగా పడి కనెక్టర్ ఊడదు. కొన్న కనెక్టర్ మంచిదే అయినా పని జరగదన్నమాట.

ఎన్ని ఆంపియర్లు? పేరులోని అంకెను నమ్మొచ్చా?

లిథియం అయాన్ సెల్ ఒకటి నిండా చార్జ్ అయితే 4.2 వోల్టులు. 36 వోల్టుల బ్యాటరీలో వరసగా 10 సెల్స్ ఉంటాయి, అంటే నిండితే 42 వోల్టులు. 48 వోల్టుల దానిలో 13, అంటే 54.6. కరెంటు కావాలంటే వాట్లను వోల్టులతో భాగించాలి. 250 వాట్ల మోటార్ 36 వోల్టుల మీద సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మోటార్‌కు వెళ్లే కరెంటును అదుపుచేసే కంట్రోలర్ అనుమతించినంత, అంటే 15 దాకా లాగొచ్చు. 1000 వాట్ల కిట్ 48 వోల్టుల మీద 21 ఆంపియర్లు, ఎత్తులో 25 నుంచి 30 దాకా. ఇంకో సంగతి, మన దేశంలో 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్లు మించని వాటికే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1000 వాట్ల కిట్ ఆ వెసులుబాటులోకి రాదు.

కనెక్టర్ల పేర్లలో అంకెలుంటాయి. ఎక్స్‌టీ60 అనగానే 60 ఆంపియర్లు అనుకుంటారు. అది కాసేపు తట్టుకునే గరిష్ఠం. తయారీదారు అమాస్ ఇచ్చే వివరాల్లో నిరంతరంగా పారే కరెంటుకు హద్దు అందులో సగమే, 30 ఆంపియర్లు. ఎక్స్‌టీ90 విషయమూ అంతే, 90 అన్నది కొద్దిసేపటి మాట. పైగా ఆ హద్దులు పరీక్షశాల వాతావరణంలో కొలిచినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో, మూసిన పెట్టెలో ఉన్న కనెక్టర్‌కు అంత వెసులుబాటు ఉండదు. కావాల్సిన కరెంటుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు నిరంతర సామర్థ్యం ఉన్నది ఎంచుకుంటే నిశ్చింత.

వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. రెండు లోహాలు కలిసే చోట కొంచెం నిరోధం ఉంటుంది. అక్కడ పుట్టే వేడి, కరెంటును కరెంటుతో గుణించి, దాన్ని ఆ నిరోధంతో గుణిస్తే వచ్చినంత. కొత్త కనెక్టర్‌లో ఒక పిన్నుకు అర మిల్లీ ఓం అనుకుందాం. 20 ఆంపియర్ల దగ్గర 20 × 20 × 0.0005, అంటే 0.2 వాట్లు. చేత్తో తాకితే తెలియదు. అదే పిన్ను మీద పూత అరిగి, దుమ్ము పట్టి, నిరోధం 10 మిల్లీ ఓంలకు పెరిగితే 4 వాట్లు. రెండు పిన్నులకు 8. బొటనవేలంత నైలాన్ ముక్కలో 8 వాట్ల వేడి చిక్కుకుంటే అది మెత్తబడుతుంది. మెత్తబడితే పట్టు వదులవుతుంది. వదులైతే నిరోధం ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు.

సులువుగా ఊడడానికీ చల్లగా ఉండడానికీ మధ్య పేచీ

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. లోహం లోహాన్ని ఎంత గట్టిగా నొక్కితే నిరోధం అంత తక్కువ. కానీ గట్టిగా నొక్కితే ఊడదీయడం కష్టం. ఎక్స్‌టీ రకంలో పిన్ను గొట్టాన్ని నొక్కే ఒత్తిడే పట్టు కూడా. కొత్తది చాలా బిగువు, చేతులు నొప్పి పుట్టేంత. దాన్ని బ్రేక్‌అవే అనుకోవడం పొరపాటు. వాడగా వాడగా సులువవుతుంది, అయితే ఆ సులువు స్పర్శ తగ్గిపోవడం వల్ల వచ్చిందే. హాయిగా ఊడుతోందంటే అరిగిందని అర్థం.

ఆండర్సన్ పవర్‌పోల్‌లో ఈ రెండు పనులను కొంత విడదీశారు. చదునైన రెండు రాగి నాలుకలు, వెండి పూతతో, ఒకదాని మీద ఒకటి జారుతాయి. వాటిని వెనక నుంచి ఒక ఉక్కు స్ప్రింగు నొక్కి పెడుతుంది. నాలుక చివర చిన్న వంపు, దాటేటప్పుడు టక్కున పట్టు తెలుస్తుంది. కలిపినప్పుడల్లా లోహాలు ఒకదాన్నొకటి రాసుకుని శుభ్రమవుతాయి. లాకు లేదు. తగినంత లాగితే విడిపోతుంది. బ్రేక్‌అవే కావాలన్నవాళ్లు ఎక్కువగా దీని వైపే మొగ్గడానికి కారణం ఇది.

అయస్కాంతం రకంలో ఆ విభజన పూర్తవుతుంది. పట్టు అయస్కాంతానిది, స్పర్శ స్ప్రింగు పిన్నులది. ఏ దిశలో లాగినా విడిపోతుంది. జర్మనీ కంపెనీ రోజెన్‌బెర్గర్ ఈ-బైక్‌ల కోసమే ఇలాంటివి చేస్తుంది. వాటిలో కరెంటు పిన్నులతో పాటు సమాచారం పంపే పిన్నులూ ఉంటాయి. అవతల సరైన పరికరం ఉందని బ్యాటరీ గుర్తించాకే కరెంటు వదిలేలా వ్యవస్థను కట్టొచ్చు. ఈ జాగ్రత్త ఎందుకంటే, బయటికి కనిపించే పిన్నుల చుట్టూ అయస్కాంతం ఉంటే రోడ్డు మీది ఇనుప రజను అక్కడికే చేరుతుంది. సమాచార పిన్నులు లేని చవక మాగ్నెట్ ముక్కలో ఎప్పుడూ కరెంటు ఉంటే, ఆ రజనే ప్లస్‌నూ మైనస్‌నూ కలిపేస్తుంది. దాన్ని మెయిన్ లైన్‌కు, అంటే బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కు వెళ్లే వైరుకు, వాడడం నా దృష్టిలో సాహసం.

పట్టు మరీ తక్కువైతే గుంతలో ఊడిపోతుంది. ఎంత పట్టు కనీసం కావాలి? కనెక్టర్, దానికి వేలాడే వైరు కలిపి 100 గ్రాములనుకుందాం. గుంతలో పడ్డప్పుడు కుదుపు గురుత్వాకర్షణకు 5 రెట్లుంటే, ఆ క్షణంలో అది అర కిలో బరువులా లాగుతుంది. మన రోడ్లకు 10 రెట్లు అనుకున్నా కిలో. వైరు కట్టకుండా వేలాడదీస్తేనే ఈ లెక్క. కనెక్టర్ పక్కనే కడితే బరువు 20 గ్రాములకు దిగుతుంది, కుదుపు లాగుడు 200 గ్రాములకు. పట్టు తక్కువ ఉన్న కనెక్టర్ కూడా అప్పుడు నిలుస్తుంది. గుంతలకు ఊడుతోందని ఆండర్సన్‌ను తిట్టేవాళ్ల బండ్లలో చాలాసార్లు వైరే కట్టి ఉండదు.

కరెంటు పారుతుండగా ఊడితే

ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తీసినప్పుడు పుట్టిన ఆర్క్, అంటే గాలిలో దూకే మంట, ఆ సున్నాల దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు సున్నా లేదు. రాగి కొనల మధ్య ఆర్క్ నిలవడానికి సుమారు 12, 13 వోల్టులు చాలు. 48 వోల్టుల దగ్గర అది పిన్నుల కొనలను కాల్చి గుంటలు చేయగలదు. టక్కున ఊడితే నష్టం తక్కువ. సగం ఊడి, అలా ఊగుతూ ఉండిపోవడమే అన్నిటికంటే చెడ్డది.

ఒక్కోసారి బండి నడుస్తుండగా లాగినా నిప్పురవ్వ కనిపించదు. దాన్ని చూసి ఈ కనెక్టర్‌కు ఏమీ కాదనుకుంటారు. నిజానికి కంట్రోలర్‌లో కరెంటును కొద్దిగా నిల్వ ఉంచే కెపాసిటర్లు కాసేపు వోల్టేజిని నిలబెడతాయి. 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ నుంచి 20 ఆంపియర్లు తీస్తుంటే, దాని వోల్టేజి మిల్లీ సెకనుకు 20 చొప్పున పడిపోతుంది. మొదటి అర మిల్లీ సెకనులో పిన్నుల మధ్య తేడా 10 వోల్టులే, ఆర్క్‌కు చాలదు. ఆలోగా పిన్నులు బాగా దూరమైతే సరే. మెల్లగా లాగితే అంతటి అదృష్టం ఉండదు.

ఇప్పుడు అదే లెక్కను చార్జర్ వైపు వేయండి. బ్యాటరీ 50 వోల్టుల దగ్గర ఉంది, చార్జర్ 2 ఆంపియర్లు పంపుతోంది. వైరు కాలికి తగిలి ఊడింది. చార్జర్ వైపు వోల్టేజి మహా అయితే 54.6కి ఎగబాకుతుంది, బ్యాటరీ వైపు 50. మధ్య తేడా 4.6. ఆర్క్ నిలవడానికి కావాల్సినంత లేదు. బ్యాటరీ దాదాపు ఖాళీగా, 42 దగ్గర ఉన్నా తేడా 12.6 వోల్టులే, అదీ 2 ఆంపియర్లతో. అందుకే చార్జింగ్ తీగ బ్రేక్‌అవేకు అచ్చంగా తగిన చోటు. ఇంట్లో నడిచే దారికి అడ్డంగా పడుండేదీ అదే.

మెయిన్ లైన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని గేర్లు లేని హబ్ మోటార్లు బ్రేకు వేసినప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతాయి. సరిగ్గా అప్పుడే బ్యాటరీ ఊడితే ఆ కరెంటుకు పోయే దారి లేదు. 5 ఆంపియర్లు 1000 మైక్రోఫారడ్‌లలోకి దూరితే వోల్టేజి మిల్లీ సెకనుకు 5 చొప్పున పెరుగుతుంది. కంట్రోలర్ వెంటనే గుర్తించి ఆపకపోతే, 10 మిల్లీ సెకన్లలో 54 కాస్తా 104 అవుతుంది. లోపల స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్లు చాలావాటిలో 75 నుంచి 100 వోల్టుల రకం. కంట్రోలర్ కాలిపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, దిగుడులో మోటార్ బ్రేకు ఒక్కసారిగా మాయమవుతుంది. చక్రాలకు మామూలు బ్రేకులు గట్టిగా లేకపోతే ఇది ప్రాణం మీదికి వస్తుంది.

కలిపేటప్పుడు వచ్చే నిప్పురవ్వ వేరే సంగతి

ఊడేటప్పుడు వచ్చేదీ, కలిపేటప్పుడు వచ్చేదీ ఒకటే అనుకుంటారు. కలిపేటప్పుడు ఖాళీ కెపాసిటర్ ఒక్క గుక్కలో నిండాలని చూస్తుంది. పైన చెప్పిన 0.1 ఓం లెక్కే. క్షణకాలం వందల ఆంపియర్లు. ఆ ఫట్ మన్న చప్పుడు అదే, పిన్ను కొనన నల్ల మచ్చ దానిదే.

ఎక్స్‌టీ90 ఎస్ అనే రకంలో 5.6 ఓంల చిన్న రెసిస్టర్ దాచి ఉంటుంది. పిన్ను మొదట దానికి తగులుతుంది. కరెంటు 54.6ని 5.6తో భాగించినంత, 10 ఆంపియర్ల లోపే. 1000 మైక్రోఫారడ్‌లు నిండడానికి 30 మిల్లీ సెకన్లు చాలు. ఇంకొంచెం తోస్తే అసలు పిన్ను తగులుతుంది. ఇది కలిపేటప్పటి ఉపాయం. నడుస్తున్న మోటార్ కరెంటును తెంచే పని దానిది కాదు. సగం దూర్చి థ్రాటిల్ తిప్పితే ఆ చిన్న రెసిస్టరే కాలిపోతుంది.

రెండు వైపులా ఒకేలా ఉండడంలో లాభం, ప్రమాదం

పవర్‌పోల్‌కు మేల్, ఫిమేల్ లేవు. ఏ ముక్కైనా దేనికైనా సరిపోతుంది. 15, 30, 45 ఆంపియర్ల కాంటాక్టులు (లోపలి రాగి నాలుకలు) మూడూ ఒకే ప్లాస్టిక్ గుల్లలో కూర్చుంటాయి. ఇంట్లో విడి భాగాలు ఒక రకమే పెట్టుకుంటే చాలు. చిక్కు కూడా అక్కడే ఉంది. నిండిన బ్యాటరీని, ఖాళీ బ్యాటరీని పొరపాటున ఒకదానికొకటి నేరుగా గుచ్చేయొచ్చు. ఒకటి 54.6, ఇంకొకటి 41.6 అనుకుంటే తేడా 13 వోల్టులు. మొత్తం నిరోధం 0.2 ఓం అయితే 65 ఆంపియర్లు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి దూకుతాయి. 36 వోల్టుల బ్యాటరీకి 48 వోల్టుల చార్జర్ గుచ్చినా ఆపేవాడుండడు. ఎరుపు, నలుపు గుల్లలను పక్కపక్కన జోడించే తీరు షాపును బట్టి మారితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. పవర్‌పోల్‌లో రంగు కంటికే గుర్తు, వేరే రంగుతో కలవకుండా ఆపదు.

ఫోర్క్‌లిఫ్టుల్లో కనిపించే పెద్ద అన్నయ్య ఎస్‌బీ50లో మాత్రం రంగును బట్టి లోపలి గాడులు మారతాయి. బూడిద రంగు బూడిద రంగుతోనే కలుస్తుంది. వోల్టేజికో రంగు పెట్టుకుంటే పొరపాటే జరగదు. సైకిల్‌కు అది కాస్త పెద్దది, మోటార్ పెద్దదైతే బాగుంటుంది. ఎక్స్‌టీ రకంలో గుల్ల ఆకారం వల్ల ప్లస్, మైనస్ తిరగబడవు. బ్యాటరీ వైపు ఫిమేల్ పెడితే పిన్నులు బయటికి కనిపించవు, జేబులో తాళాలు తగిలి షార్ట్ అయ్యే భయం తక్కువ. చార్జింగ్ వైపు ఒకే కనెక్టర్ అందరికీ ఉంటే ఈ గందరగోళం తగ్గుతుందన్న ఆలోచనతోనే, తేలికపాటి విద్యుత్ వాహనాల కోసం దేశీయంగా తయారైన కనెక్టర్‌కు భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023లో ప్రమాణం ఇచ్చింది. స్కూటర్లకు అది మేలు చేస్తుంది, ఇంట్లో కిట్ బిగించుకున్న సైకిల్‌కు ఇంకా అందలేదు.

వాన సంగతీ చూడాలి. పవర్‌పోల్, ఎక్స్‌టీ రెండూ తెరుచుకున్న గుల్లలే, వానకు తట్టుకునేవి కావు. నీళ్లు చేరని చోట, నోరు కిందికి ఉండేలా పెట్టడమే మార్గం. నీళ్లు దూరకుండా రబ్బరు సీలు వేసిన కనెక్టర్లు సాధారణంగా మర లేదా లాకుతో వస్తాయి. అంటే బ్రేక్‌అవే వదులుకోవాలి.

లాకు వాదం, ఊడాలనే వాదం

మెయిన్ లైన్‌కు లాకు ఉండాల్సిందేననే వాళ్ల మాటలో బలముంది. ట్రాఫిక్ మధ్యలో, ఫ్లైఓవర్ ఎక్కుతుండగా పవర్ పోతే వెనక వచ్చే లారీ ఆగదు. సగం ఊడిన కనెక్టర్ కాలుతుంది. మోటార్ బ్రేకు పోతుంది. బ్యాటరీ ఫ్రేముకే బోల్టులతో బిగించి ఉంటే, బండి పడ్డా బ్యాటరీ, మోటార్ కలిసే పడతాయి. మధ్యలో ఊడాల్సిన అవసరమే రాదు.

ఊడాలనే వాళ్లు మాట్లాడేది బ్యాటరీ బండితో కలిసి కదలని సందర్భం గురించి. వీపు బ్యాగు, వెనక లాగే ట్రాలీ, క్యారియర్ మీద పట్టీతో కట్టిన సంచి. బ్యాటరీ ఎగిరిపడే అవకాశం ఉన్న చోట లాకు వేస్తే, తెగేది తీగ. వాళ్లూ నిజమే చెబుతున్నారు.

కాబట్టి నేను చూసేది ఒకటే. బ్యాటరీ, కంట్రోలర్ ఒకే ఫ్రేముకు గట్టిగా బిగించి ఉన్నాయా? ఉంటే మెయిన్ లైన్‌లో బిగువైనది, ఎక్స్‌టీ90 ఎస్ లాంటిది. చార్జింగ్ వైపు సులువుగా ఊడేది. ఒకదానికొకటి విడిపోయే వీలుంటే, మెయిన్ లైన్‌లోనే పవర్‌పోల్ లాంటి బ్రేక్‌అవే, రెండు వైపులా వైరు కట్టి, లాగుడు వచ్చే దిక్కుకు నోరు పెట్టి. ఆ బండిలో మోటార్ బ్రేకును సెట్టింగుల్లో ఆపేయాలి.

ఈ రెండో అమరికలో ఒక చిన్న మార్పు చాలా పనికొస్తుంది. బ్రేక్‌అవే జంటను బ్యాటరీ తీగకు నేరుగా కాకుండా, జానెడు పొడవున్న విడి తీగ ముక్కకు పెట్టడం. ఊడినప్పుడల్లా కాలేది, అరిగేది ఆ ముక్కే. బ్యాటరీ పెట్టె తెరవకుండా దాన్ని మార్చుకోవచ్చు. రోజువారీగా కరెంటు ఆపే పని బ్యాటరీ తాళం చెవిదో స్విచ్‌దో. 20 ఆంపియర్లకు 3.3 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 30 ఆంపియర్ల కాంటాక్టు, సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కినది సరిపోతుంది. పవర్‌పోల్ కాంటాక్టుకు సోల్డర్ పోస్తే అది తీగలోకి పాకి గట్టిపడుతుంది, గుల్లలో నాలుక కదలాల్సినంత కదలదు, స్ప్రింగు దాన్ని సరిగా నొక్కలేదు. కరిగిపోయిన పవర్‌పోల్‌లు విప్పి చూస్తే చాలావాటిలో కనిపించేది ఈ సోల్డరే, లేదా కటింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింపు.